మరకల బల్ల మీద డాలియా

ప్రియమైన అక్కకి,

ఉత్తరం చూసి కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో అయితే మనిద్దరం కుశలప్రశ్నలు అయ్యేలోపే కొట్టుకుంటాం. మొన్నా అంతే కదా, "తిన్నావా" దగ్గర మొదలై "నీకసలు బాధ్యతనేది ఉందా" దగ్గర తేలాం. కాగితం మీదైతే నన్ను చివరిదాకా చెప్పనిస్తావు. మధ్యలో అరిచినా నాకు వినిపించదు.

నువ్వు అడిగావు, "ఇంతకీ ఏం చేస్తున్నావే అక్కడ?" అని. అప్పుడు నేను ఫోన్ పెట్టేశాను. కోపంతో పెట్టేశానని నువ్వు అనుకుని ఉంటావు. కాదక్కా. ఏం చెప్పాలో తెలియక పెట్టేశాను.

సరే, ఇప్పుడు చెబుతాను. నా గది బాల్కనీలో ఒక డాలియా కుండీ ఉంది. నాకంటే ముందు అద్దెకున్నవాళ్ళు వదిలేసి పోయింది. ముదురు ఎరుపు పూలు. మొదట్లో అందరిలాగే కూర్చుని దాని బొమ్మ గీశాను. బాగానే వచ్చింది, క్యాలెండర్ మీద వేసుకోవచ్చు, అంతే. చించేశాను. తర్వాత ఒకరోజు వానకి రాలిన మొగ్గలు నా తెల్ల చున్నీ మీద పడి, నేను చూసుకోక, రెండు రోజులు అలాగే ఉండిపోయాయి. తీసి చూస్తే గుడ్డ మీద మొగ్గ ఉంది. గీసిన మొగ్గ కాదు, ఆ మొగ్గే. అది చూసి నాకు మతిపోయింది.

అప్పటి నుంచీ ఇదే పని. మన లాండ్రీ కొట్టులో ఎవరూ తీసుకెళ్ళని పాత తెల్ల దుప్పట్లు నేను అడిగి తెచ్చుకున్నాను కదా, వాటిని పటిక నీళ్ళలో ముంచి ఆరేస్తాను. చెట్టు నుంచి రాలినవాటిని మాత్రమే తీసుకుని గుడ్డ మీద పరుస్తాను. ఒక్క రేకు కూడా తుంచను. పైన పలక పెట్టి, బరువు పెట్టి వదిలేస్తాను. మిగతా పని చెట్టే చేసుకుంటుంది. మొగ్గలకి ఒక దుప్పటి, విరిసిన పూలకి ఒకటి, వాడినవాటికి ఒకటి, బూజు పట్టిన ఆకులకి ఒకటి, కుళ్ళిన కాడకి ఒకటి, వానకి మట్టిలోంచి ఊడి పైకొచ్చిన దుంపముక్కకి ఒకటి. ఆరయ్యాయి. ఏడోది కొత్త మొలకకి. అది ఇంకా రాలేదు. మిగతా దుంప మట్టిలో ఉలుకూ పలుకూ లేకుండా పడుకుని ఉంది. బతికి ఉందో, కుళ్ళిపోయిందో తవ్వి చూడాలని చెయ్యి లాగుతోంది. తవ్వితే చస్తుందేమోనని భయం.

ఇక్కడ ఒక బొమ్మల హాలు ఉంది. హాలు మేడమ్‌కి నేను నోటితో చెబితేనే నచ్చేసి, వానలు తగ్గాక నావి ప్రదర్శనకి పెట్టడానికి ఒక గది ఇస్తానంది. ఆవిడ ఇంకా ఒక్కటి కూడా చూడలేదు. ఎవరూ చూడలేదు. ఫోటో తీస్తే బురదగుంటలా వస్తోంది. రోజూ వాటి ముందు కూర్చుంటాను. ఒక పూట అవి నా బతుకంతటికీ సరిపడా బొమ్మల్లా కనిపిస్తాయి. ఇంకో పూట, ఏమిటి నేను కుళ్ళిన ఆకుల్ని గుడ్డకి రుద్దుతూ ఏడాది తగలేశానా అనిపిస్తుంది. ఏది నిజమో చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. నాకు తల, తోక తెలియడం లేదక్కా.

మన ఒప్పందం నాకు గుర్తుంది. "ఏడాది చూడు, కుదరకపోతే వచ్చి కౌంటర్ దగ్గర కూర్చో" అన్నావు. ఏడాది నిండబోతోంది. హాలులో నావి వేలాడదీసేదాకా ఆగు, ఆ తర్వాత నువ్వేం చెబితే అది చేస్తాను.

అసలు సంగతి మర్చిపోతున్నాను. నా గది గోడలన్నీ చెమ్మ. బూజు ఒక దుప్పటి నుంచి ఇంకోదానికి పాకుతోంది. అందుకని ఆరింటినీ మూటకట్టి, మన కొట్టు తెలిసిన బస్సు డ్రైవర్ చేతికి ఇస్తున్నాను. నీ ఇస్త్రీ గది అంత పొడి చోటు లోకంలో ఇంకోటి లేదు. పై అరలో పెట్టు. విప్పకు, తడి తగలనీయకు, బావని వాటి మీద టీ గ్లాసు పెట్టనీయకు.

ఈ ఉత్తరం ఇప్పుడే పోస్టులో వేస్తున్నాను.

నీ మాట వినని
పిచ్చుక

&nbsp;

ప్రియమైన పిచ్చుకకి,

నీ మూట క్షేమంగా చేరింది. మూటతో పాటు ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయిందే? చదువుకునే రోజుల నుంచీ ఇదే కదా నీ అలవాటు, మాసినవన్నీ మూటగట్టి అక్క నెత్తిన పడేయడం. డ్రైవర్ని అడిగితే "దుప్పట్లటమ్మా" అని చెప్పి, బస్సు హారన్ కొట్టుకుంటూ పోయాడు.

విప్పగానే నా గుండె గుభేలుమంది. ఇస్త్రీ పెద్దాయన కూడా చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. నీకు ఒంట్లో బాగుందా? నిజం చెప్పు. ఆ ఎర్రవి ఏమిటి, ఆ నల్లవి ఏమిటి? నేను మొదట నెత్తురే అనుకున్నాను. వాసన చూశాక కాదని తేలింది, ఏదో ఆకుపసరు. బొమ్మలు వేసుకుంటానని అడిగి తీసుకెళ్ళిన దుప్పట్లని కుండీల కింద పరుచుకుని పాడుచేశావని అర్థమైంది. తెల్ల దుప్పట్లే, వాటి మీద ఒక్క బొమ్మైనా వేశావా? నాకేం పాలుపోలేదు.

మన కొట్టు పద్ధతి నీకు తెలుసు కదా. చీటీ లేని మూట ఏదొచ్చినా ముందు మరకల బల్ల ఎక్కాల్సిందే. నాన్న పెట్టిన పద్ధతి. వేరేవాళ్ళ చేతికి ఇవ్వలేదు, నేనే కూర్చున్నాను. పిచ్చుకా, నేను ఇన్నేళ్ళలో ఎన్ని మరకలు చూశానో నీకు తెలుసు. ఇలాంటివి చూడలేదు. పసరు మరకకి సబ్బు తగిలిందో ఇక జన్మలో పోదు. కాబట్టి సబ్బు ముట్టుకోలేదు. ముందు చన్నీళ్ళు, తర్వాత నిమ్మరసం, ఆ తర్వాత సోడా, ఆఖర్న పెరాక్సైడ్ చుక్కచుక్కగా. ఎర్రవి కాస్త తొందరగానే లొంగాయి. నల్లది మాత్రం నా ప్రాణం తోడేసింది. మెత్తటి బ్రష్షు పట్టుకుని రోజుల తరబడి అంగుళం అంగుళం పని చేశాను. మీ బావ వచ్చి "ఆ పాత దుప్పట్లకి ఇంత సేవ ఏమిటి, గుడ్డపీలికలకి పడెయ్యి" అన్నారు. పంతం పట్టాను. నా చెల్లెలి దుప్పట్లు పీలికలవుతాయా?

ఇప్పుడు చూడాలి నువ్వు! ఆరింటికి ఆరూ మల్లెపువ్వుల్లా ఉన్నాయి. గంజి పెట్టించి, ఇస్త్రీ చేయించి, మడతపెట్టించాను. దుంపలాంటి గుండ్రటి మరక ఉన్నదాంట్లో మాత్రం వేలెడంత నీడ మిగిలింది, వెతికితే గానీ కనపడదు. ఎండలో ఇంకోసారి వేస్తే అదీ పోతుంది. ఇస్త్రీ పెద్దాయన "అమ్మా, ఇది మీ నాన్నగారి చెయ్యి" అన్నాడు. రోజంతా నేల మీద నడవలేదనుకో.

ఎప్పుడు వస్తావు? కౌంటర్ దగ్గర జనం ఎక్కువయ్యారు, నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు.

పైదంతా పొద్దున రాశాను. కవరు అంటించబోతుండగా పోస్ట్‌మాన్ వానలకి ఎక్కడో ఆగిపోయిన నీ ఉత్తరం ఇచ్చి వెళ్ళాడు.

చదివాను. మళ్ళీ చదివాను. ఇస్త్రీ గదిలోకి వెళ్ళి దుప్పట్లు చూసి వచ్చి మళ్ళీ చదివాను.

పై రెండు పేజీలు చించేద్దామనుకున్నాను. చించితే ఏం రాయాలి? నేనేం చేశానో అందులో ఉన్నట్టు ఇంకోసారి రాయలేను. అందుకే అలాగే పంపుతున్నాను. పిచ్చుకా, నాకేం తెలియడం లేదు. అవి బొమ్మలని నాకు తెలీదే. తెలీదే తల్లీ. ఏం చెయ్యమంటావో చెప్పు.

అక్క

&nbsp;

అక్కకి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. ఎన్నోసార్లు మొదలుపెట్టి చించేశాను.

మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను, మెట్ల మీద కూర్చుని పిచ్చిదానిలా నవ్వాను. కింద ఇంటావిడ తలుపు తీసి చూసింది. తర్వాత ఎప్పుడు ఏడుపు మొదలైందో నాకు తెలీదు.

నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. మరకల బల్ల దగ్గర "నేనే కూర్చున్నాను" అన్న చోట కోపం ఆగిపోతుంది. మోకాళ్ళ నొప్పితో అన్ని రోజులు నా కోసం అక్కడ కూర్చున్నావు. దాని మీద ఎలా కోప్పడాలి? పోనీ నా మీద కోప్పడదామంటే, ఉత్తరం కంటే బస్సు ముందొస్తుందని నాకెందుకు తట్టలేదు? మూట మీద ఒక్క మాట రాస్తే ఏం పోయేది? ఎటు తిప్పినా అడకత్తెరలో పోకచెక్కలా ఉంది. నీ మీదా కోపమే, నా మీదా కోపమే, ఆ దిక్కుమాలిన నిమ్మకాయల మీదా కోపమే.

కోపం కంటే పెద్దది ఇంకోటి ఉంది. అది చెబితే నువ్వు నన్ను తిడతావు. ఆరు బొమ్మలూ పోయాయని చదవగానే, ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం, హమ్మయ్య అనిపించింది. ఇక అవి బాగున్నాయా బాగాలేవా అని ఎవరూ చెప్పక్కర్లేదు కదా. ఎవరూ చూడలేదు, ఎవరూ చూడరు. అలా అనిపించినందుకు నాకే నా మీద అసహ్యం వేసింది. అవి మంచి బొమ్మలైతే నాకు అలా ఎందుకు అనిపిస్తుంది? అంటే నాకు లోపల తెలుసా, అవి ఉత్త మరకలేనని?

నీలాంటి చెయ్యి తిరిగిన మనిషి అంత దగ్గరగా చూసి మాసిన గుడ్డలనుకుంది. హాలుకి వచ్చేవాళ్ళు మాత్రం ఏమనుకుంటారు?

దుంప ఇంకా లేవలేదు. చెట్టు ఏడాదికి ఒక్కసారే ఆ దారంతా నడుస్తుంది. మళ్ళీ మొగ్గ నుంచి కుళ్ళు దాకా చూడాలంటే ఇంకో ఏడాది కావాలి. నాకు ఇచ్చిన ఏడాది అయిపోయింది. మాట అంటే మాటే. హాలు మేడమ్‌కి చెప్పేసి, గది ఖాళీ చేసి వచ్చేస్తాను. కౌంటర్ దగ్గర కూర్చుంటాను. చీటీలు రాస్తాను. నా చేతిరాత బాగుంటుందని నాన్న అనేవాడు కదా.

నువ్వు ఏడవకు. నిజంగానే అంటున్నాను.

పిచ్చుక

&nbsp;

ప్రియమైన పిచ్చుకకి,

అప్పుడే గది ఖాళీ చెయ్యకు. ముందు నేను చెప్పేది విను.

నీ ఉత్తరం వచ్చిన రోజే పూలకొట్టుకి వెళ్ళాను. డాలియాలు అడిగాను. "తాజావి ఉన్నాయమ్మా" అంది పూలకొట్టావిడ. "తాజావి కాదు, కుళ్ళినవి కావాలి" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. మన వీధిలో ఇప్పటికే ఆ సంగతి పాకిపోయింది, లాండ్రీ ఆవిడకి మతి చలించిందని. పోనీలే, అనుకోనీ.

అమ్మినవి పోగా మిగిలినవి, వాడినవి, బుట్ట అడుగున ఉన్నవి అన్నీ తెచ్చాను. దుప్పటిని పటిక నీళ్ళలో ముంచాను, నువ్వు రాసినట్టే. పరిచాను. బరువు కోసం ఇస్త్రీపెట్టెలు పెట్టాను. ఎన్ని కావాలో నువ్వు రాయలేదు, ఉన్నవన్నీ పెట్టేశాను. కొట్టంతా కంపు. ఇస్త్రీ పెద్దాయన ముక్కుకి తువ్వాలు చుట్టుకుని పని చేస్తున్నాడు. ఒక కస్టమర్ తన కోటు వెనక్కి తీసుకుని మరీ పోయాడు.

కొన్ని రోజులాగి తీసి చూశాను. ఏముంది? నాలుగు గోధుమరంగు మచ్చలు, మధ్యలో ఇస్త్రీపెట్టె అడుగు. అంతే. నీవాటిలో ఉన్నదేదో అందులో లేదు. ఏం లేదో కూడా చెప్పలేకపోతున్నాను. మళ్ళీ వేశాను. మళ్ళీ అదే. ఇన్నేళ్ళూ మరక పడకూడదని జనం ఏడుస్తుంటే నవ్వుకునేదాన్ని. ఇప్పుడు పడవే తల్లీ అని మొక్కుతుంటే పడటం లేదు. మీ బావ "తీసే చెయ్యి వేస్తుందా, వదిలెయ్యి" అన్నారు. నేను కసిరాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

ఇంకో సంగతి. నువ్వు వచ్చేస్తానని రాశావు. ఆ మాట కోసం ఏడాదంతా ఎదురుచూశాను, అబద్ధమెందుకు? నువ్వు వెళ్ళిన మర్నాడే నీ కుర్చీ మీద దుమ్ము దులిపి పెట్టాను, రేపో మాపో వస్తావని. వస్తానని చదివినప్పుడు సంతోషం రావాలి కదా. రాలేదు. కౌంటర్ వెనక నిన్ను ఊహించుకుని, ఆ కుర్చీని గోడవైపు తిప్పేశాను. ఎందుకో నాకు తెలీదు. నీకేమైనా తెలిస్తే రాయి.

నేనేం చెయ్యాలో కూడా రాయి. కుళ్ళిన పూలు ఇంకా ఉన్నాయి.

నీ
అక్క

&nbsp;

ప్రియమైన అక్కకి,

ముందు ఆ పూలు పారేసి కిటికీలు తెరువు. ఇస్త్రీ పెద్దాయనకి నా తరఫున క్షమాపణ చెప్పు. నువ్వు కుళ్ళిన డాలియాలు అడుగుతుంటే పూలకొట్టావిడ మొహం ఊహించుకుని, ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి కడుపారా నవ్వాను.

ఇప్పుడు నా కబురు. వెళ్ళి హాలు మేడమ్‌కి అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, లేచి నిలబడి, "అద్భుతం!" అంది. నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరినైనా అందేమోనని. నన్నే. "ఆ తెల్ల దుప్పట్లే వేలాడదీద్దాం. కుళ్ళిపోవడం అయ్యాక మిగిలేది తెలుపే కదా. మీ అక్క ఉతకడంతోనే ఆ చెట్టు కథ పూర్తయింది. అదే మళ్ళీ పుట్టడం" అంది. ఇంకా చాలా చెప్పింది. ఆవిడ మాట్లాడుతుంటే నాకు అంతా అర్థమైనట్టే ఉంది. బయటికొచ్చి రోడ్డు దాటేసరికి ఒక్క ముక్క గుర్తులేదు.

కానీ ఆలోచిస్తే ఆవిడ మాటలో ఏదో ఉందనిపిస్తోంది. మొలక రాలేదని ఏడో దుప్పటి ఖాళీగా పెట్టుకుని కూర్చున్నాను కదా. నువ్వు చేసింది అదేనేమో. మురికంతా కడిగి మళ్ళీ మొదటికి తెచ్చావు. నువ్వు చేసింది తప్పు కాదక్కా. నా పనిలో నువ్వు పూర్తిచేసిన భాగం అనుకుందాం. గోడ మీద నీ పేరు కూడా రాయిస్తాను, నా పేరు పక్కన. దుప్పట్లు పంపు. గంజి పెట్టినవి పెట్టినట్టే, మడతలు కూడా విప్పకుండా.

ఇలా అనుకుంటే నీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. ఇందులో మళ్ళీ నిజమెంత, మనల్ని మనం బుజ్జగించుకోవడం ఎంత అని అడగకు. నాకు తెలీదు. ఈ మధ్య నాకు తెలిసినవి చాలా తక్కువ.

అన్నట్టు దుంప లేచింది. మొన్న పొద్దున చూస్తే మట్టి పగిలి, ఎర్రటి ముక్కు ఒకటి బయటికి పెట్టింది. దాని కింద గుడ్డ పరచలేదు. ఇక దేనికి?

ప్రేమతో
పిచ్చుక

&nbsp;

ప్రియమైన పిచ్చుకకి,

దుప్పట్లు పంపను. పంపడానికి లేవు కూడా. ఒక జత మా మంచం మీద వేశాను. మీ బావ నిన్నటి నుంచి వాటి మీద పడి గురకపెట్టి నిద్రపోతున్నారు. మిగతావి ఇస్త్రీ పెద్దాయన ఇంటికి పంపాను, కంపు భరించినందుకు. కాబట్టి నీ హాలు మేడమ్‌ని అద్భుతానికి ఇంకేదైనా వెతుక్కోమను.

కోపం తెచ్చుకోకు, వేలు పెట్టి చూపించి మరీ చెబుతాను. తెల్ల దుప్పటి తెల్ల దుప్పటే. రోజూ గంపలకొద్దీ ఉతుకుతాను, ఏ ఒక్కదాన్నీ ఎవరూ గోడకి వేలాడదీయలేదు. నేను చేసింది పొరపాటు. పెద్ద పొరపాటు. దానికి వేదాంతం చుట్టి, మడతపెట్టి, పక్కన నా పేరు రాస్తే అది మంచి పనైపోతుందా? నన్ను ఓదార్చాలని నీ పనిని అబద్ధం చెయ్యకు. నా తప్పు నాకుండనీ. మోయగలను, ఆ మాత్రం ఓపికుంది.

అసలు నేను రాయాలనుకున్నది ఇది కాదు. నువ్వు రాసిన ఒక మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. "అంత దగ్గరగా చూసి మాసిన గుడ్డలనుకుంది" అన్నావు. "ఎవరూ చూడలేదు" అన్నావు. ఆ రెండో మాట తప్పు పిచ్చుకా. నేను చూశాను. నిలువెత్తు దీపం కింద, బల్ల మీద పరిచి, అంగుళం అంగుళం. హాలుకి వచ్చేవాళ్ళు ఎంతసేపు చూస్తారు? కాఫీ చల్లారేలోపు చూసి పోతారు. నేను రోజుల తరబడి చూశాను. మరక చూడకుండా తీయలేం. అది ఎక్కడ పుట్టిందో, ఎటు పాకిందో, ఎక్కడ ఆగి అంచు కట్టిందో తెలుసుకుంటేనే తీయగలం. అందుకే నీ దుప్పట్లు ఆరూ నాకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తాయి. చెబుతాను, సరిచూసుకో.

మొగ్గలది పైకొసన ఉంది, ఎడమ వైపు, విసిరేసిన గింజల్లా. ఒక్కోదాని చుట్టూ ఆకుపచ్చ అంచు. ఒక మొగ్గ మాత్రం దూరంగా, అంచు లేకుండా. అది ఎండిపోయాక రాలి ఉంటుంది. పూలదానికి మధ్యలో ఎరుపు ఎంత లోతుందంటే గుడ్డ వెనకవైపుకి కూడా దిగింది, చివర్లకి వెళ్ళేకొద్దీ నారింజ. దాన్ని చన్నీళ్ళలో ముంచినప్పుడు తొట్టిలో నీళ్ళు సాయంత్రం ఆకాశంలా అయ్యాయి. పారబోయడానికి మనసు రాక కాసేపు నిలబడ్డాను. "ఏం చూస్తున్నావు" అని మీ బావ అడిగితే "ఏం లేదు" అన్నాను. వాడినవాటి దాంట్లో రేకులు ముడుచుకున్న చోట రెండు గీతలు, విప్పుకున్న చోట ఒకటే గీత. బూజుదాంట్లో చుక్కలు చుక్కలుగా, ఒకదాన్ని ఇంకోటి తాకకుండా. "ఇది పువ్వులా ఉందండీ" అని మీ బావతో అన్నాను కూడా. "నీకు ప్రతి మరకా ఏదో ఒకలా కనిపిస్తుంది" అన్నారు. నిజమే, కనిపిస్తుంది. సాస్ మరకలో కుందేలు కనిపిస్తుంది నాకు. అందుకే ఆ మాట పట్టించుకోలేదు.

దుంపది గుండ్రంగా, మధ్యలో ముదురుగా, అంచుకి పలచగా. ఇక కాడది ఉంది చూడు, ఆ నల్లది. పై నుంచి కింద దాకా ఒకటే గీత, మధ్యలో విరిగి, విరిగిన చోట మడుగు కట్టి, మళ్ళీ కిందికి నడిచింది. దాన్ని తీయడానికే ఎక్కువ రోజులు పట్టింది. నా ప్రాణం తోడేసిందని రాశాను. ఇంకోటి రాయలేదు. దాన్ని తీస్తున్నంతసేపూ ఏడ్చాను. బ్రష్షు పట్టుకుని, ముక్కు తుడుచుకుంటూ, ఏడుస్తూ తీశాను. అమ్మ గుర్తొచ్చింది. ఆఖరి రోజుల్లో మంచం మీద అమ్మ చెయ్యి అలాగే పడి ఉండేది. పెరాక్సైడ్ ఘాటుకి కళ్ళు నీళ్ళు కారుతున్నాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఇన్నేళ్ళుగా ఆ సీసా వాడుతున్నాను, ఏనాడూ నా కంట నీటిచుక్క రాలేదు. అయినా రుద్దడం ఆపలేదు. బల్ల మీదకి వచ్చినదాన్ని తీయడం తప్ప నాకింకేం తెలుసు?

అవి బొమ్మలా కాదా అని నువ్వు అడుగుతున్నావు. బొమ్మల గురించి నాకు తెలీదు. మరకల గురించి తెలుసు. మరక తీస్తూ ఏడ్చింది నా జన్మలో అదొక్కసారే. దాన్ని ఏమంటారో మీ హాలు మేడమ్‌ని అడుగు, నన్ను అడగకు. ఆవిడ అద్భుతం అన్నది చూడని దాన్ని. నేను చెబుతున్నది చూసినదాన్ని గురించి.

ఇక మన ఒప్పందం. ఏడాది అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకో ఏడాది అని కూడా అనడం లేదు. చెట్టుకి ఎంత పడితే అంత. కౌంటర్ దగ్గర ఒక అమ్మాయిని పెట్టాను, బాగానే రాస్తోంది, చేతిరాత మాత్రం కోడి గీకినట్టుంది. నీ కుర్చీ ఆమెకిచ్చేశాను. ఇవ్వబోతుంటే ఏడుపొచ్చింది, ఇచ్చాక తేలిగ్గా అనిపించింది. ఇది కూడా నాకు అర్థం కాలేదు, అయినా ఇచ్చాను.

ఈ ఉత్తరం డ్రైవర్ చేతికే ఇస్తున్నాను, దీంతో పాటు మూట కూడా. ఏడు తెల్ల దుప్పట్లు, కొత్తవి. గంజి పెట్టలేదు, నీ పనికి అడ్డమేమోనని. గదిలో చెమ్మ ఉందన్నావు కాబట్టి ఈసారి అయినదాన్ని అయినట్టు నువ్వే తెచ్చి ఇవ్వు, నీ చేత్తోనే పై అరలో పెట్టు. నేను బల్ల దగ్గరికి కూడా రాను.

మొలక వచ్చి ఎన్నాళ్ళయిందే? దాని కింద గుడ్డ పరచకుండా ఎలా వదిలేశావు? ఈ మూట అందగానే చేతులు కడుక్కోకుండానే వెళ్ళి పరిచెయ్యి.

నీ
అక్క